దేముడమ్మ టాపు

ఆ రోజు తెల్లవారుతూనే దేముడమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కొడుకు చినబాబు పొద్దున్న బస్సుకి శ్రీకాకుళం వెళ్తాడు. మందపాటి గుడ్డ కొంటాడు. మధ్యాహ్నం బస్సుకి తిరిగొస్తాడు. పొద్దు వాలేలోగా తల్లీకొడుకులు కూర్చుని దాన్ని బల్లకట్టుకి టాపుగా కుట్టేస్తారు. సాయంత్రం ఓవర్సీరు వచ్చి చూస్తాడు, నోరు మూసుకుని వెళ్ళిపోతాడు. ఈ మొత్తంలో ఆవిడకి అన్నిటికన్నా నచ్చిన ముక్క ఆ చివరిదే.

వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉంది మొగలిపేట రేవు. రెండు పడవల్ని పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి, నాలుగు మూలలా గుంజలు పాతి, ఎండా వానా తగలకుండా గుడ్డ టాపు వేసిన బల్లకట్టు అక్కడ నడిచేది. మనుషులూ, మేకలూ, బళ్ళూ, పెళ్ళివారూ అందరూ దాని మీదే దాటేవారు. దేముడమ్మ మొగుడు బతికున్న రోజుల్లో ముచ్చటపడి దానికి పెళ్ళాం పేరు పెట్టుకున్నాడు. ముందువైపు తెల్లరంగుతో 'దేముడమ్మ' అని రాయించాడు కూడా. తరువాత ఆయన పోయాడు, ఆ రంగూ పోయింది, పేరు మాత్రం ఊరి నోట్లో మిగిలిపోయింది. దేముడమ్మ అవతలొడ్డున ఉన్నాదనీ, దేముడమ్మకి అడుగున నీరెక్కుతన్నాదనీ, దేముడమ్మని ఒడ్డుకి లాగి తారు పూస్తన్నారనీ ఊళ్ళోవాళ్ళు అనుకుంటూంటే, ఏ దేముడమ్మ అని అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు. తికమకపడేది పైఊరి వాళ్ళే. వాళ్ళకి విడమరిచి చెప్పే ఓపిక మొగలిపేటలో ఎవరికీ లేదు.

మొగుడు పోయాక రేవు వదిలేయమని ఆవిడకి చెప్పనివాడు పాపాత్ముడు. అందరికన్నా గట్టిగా చెప్పినవాడు తోడబుట్టిన తమ్ముడు అప్పలనరసింహం. ఆయనకి శ్రీకాకుళం బజారులో బట్టల కొట్టుంది, అరసవల్లి దారిలో మేడ ఉంది. అంతటి మనిషికి అప్పగారు ఏట్లో గడ వేసుకుని బతకడం తలవంపులైంది. మా ఇంటికొచ్చి కూర్చుని ఇంత ముద్ద తినమన్నాడు. కూర్చుని తినడం తనకి చేతకాదని ఆవిడంది. మాటా మాటా పెరిగింది. "గడేసుకునే అప్ప నాకు లేదు" అన్నాడాయన. "నేకపోతే మానీ" అందావిడ. అంతే, ఆ తరువాత ఇటు కాకి అటు వాలలేదు. పండక్కి పుట్టింటి చీర రాలేదు, పెళ్ళికి పిలుపు రాలేదు. లోపల ఎంత మండినా, ఎంత బెంగగా ఉన్నా, మావయ్య మాట ఇంట్లో ఎత్తితే తాట తీస్తానని చినబాబుకి చెప్పి ఉంచింది.

ఇక టాపు సంగతి. అది పోవడానికి కారణం చినబాబే. నలభయ్యేళ్ళ మనిషి, చెయ్యవలసిన పనికి ఎప్పుడూ దగ్గరదారి వెతుక్కునే మనిషి. ఎత్తుగా గడ్డేసిన బండిని బల్లకట్టు ఎక్కిస్తూంటే, టాపుకి తగుల్తుందని తల్లి ఒడ్డు మీంచి అరిచింది. తగలదని వీడన్నాడు. నిజానికి తగల్లేదు, ఇరుక్కుంది. అవతలొడ్డున ఎడ్లు ఒక్క ఊపున ఇసకలోకి దిగేసరికి టాపు గుంజలతో సహా లేచి, గడ్డి మీద కూర్చుని బండితోపాటు ఊరేగింది. బండివాడు వెనక్కి చూడలేదు. ఇల్లు చేరి గడ్డి దించబోతే, పైన పందిరి ఎవరు వేశారా అని పెళ్ళాన్ని అడిగాడట. గుంజలు క్షేమంగా తిరిగొచ్చాయి. గుడ్డ మాత్రం దారి పొడుగునా తుమ్మకంపల పాలైంది.

ఆ మర్నాడే సమితి ఓవర్సీరు రేవుకొచ్చాడు. రథసప్తమి ముంచుకొచ్చింది. అవతలొడ్డు ఊళ్ళన్నీ అరసవల్లి సూర్యదేవుడి దర్శనానికి ఈ రేవు దాటే వెళ్తాయి. టాపు లేని బల్లకట్టు మీద యాత్రికుల్ని ఎక్కించరాదని రూలు. సూర్యనారాయణమూర్తిని చూడబోయేవాళ్ళకి దారిలో ఎండ తగలకూడదని ఏ ఆఫీసులో ఎవరికి తోచిందో ఆ దేవుడికే తెలియాలి. రేపు సాయంత్రానికి పూర్తి టాపు కనబడకపోతే రేవు ఎగువరేవు జగన్నాధానికి అప్పగించేస్తానన్నాడు. జగన్నాధం పడవకి రేకు టాపు ఉంది. ఆ జగన్నాధమే ఓవర్సీరు పక్కన గొడుగు పట్టుకుని నిలబడి, అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టాడు.

"నాను బతికుండగా ఈ రేవు ఒగ్గను. ఆడిని కాసుకుని కూకోమను" అంది దేముడమ్మ.

కాచుకుని కూర్చోవడానికి జగన్నాధానికి అభ్యంతరమేమీ లేదు. బతికుండగా అన్న మాట మాత్రం బుద్ధిగా మనసులో పెట్టుకుని వెళ్ళాడు.

అందుకనే ఈ పొద్దుటి ప్లాను. దేముడమ్మ చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ కొడుక్కి మరోసారి అప్పజెప్పింది. వాడే వెళ్ళాలి, వాడే కొనాలి, ఎవరినీ సాయం అడగకూడదు. మావయ్య కొట్టున్న వైపుకి తల కూడా తిప్పకూడదు. చినబాబు అన్నిటికీ తల ఊపాడు. ఆ తరువాత ఆవిడ ఇంటికి తాళం వేసుకుని, గడ వేసే ఎర్రన్నని వెంటబెట్టుకుని రేవులోకి దిగిపోయింది.

చినబాబు బస్సు దగ్గరికి వెళ్ళేసరికి బస్సులో కాలు పెట్టే చోటు లేదు. రథసప్తమికి ముందురోజే వెళ్ళి గుడి దగ్గర చోటు చూసుకునే జనం లోపలా, వెనక నిచ్చెన మీదా, పైన టాపు మీదా ఎక్కేసి ఉన్నారు. ఆ దారికి కండక్టరు కొత్త. బస్సు కదిలిపోతోంది. చినబాబుకి ఒక దగ్గరదారి తోచింది. గుడ్డ ఎవరు తెస్తే ఏం, టాపు లేవడం కదా కావలసింది. మావయ్య కొట్లో గుడ్డలకి కరువా. వచ్చాక అమ్మకి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నోట్లో ఎప్పుడూ ఉండే చుట్ట తియ్యకుండానే బస్సు వెంట పరిగెత్తుతూ కండక్టరుకి కబురు అప్పగించాడు.

"బజార్లో అప్పలనరసింహం బట్టల కొట్టు. ఆయనకి సెప్పాల. దేముడమ్మ టాపు పోనాది. మొత్తం కప్పీసేటంత గుడ్డ అట్టుకుని బేగి రమ్మను."

కండక్టరుకి టాపంటే లోకంలో ఒకటే, తన బస్సుది. పైకి చూసి, "టాపు మీదా కాళీ నేదు బావూ" అని జవాబు చెప్పి, మిగతా కబురు భద్రంగా మనసులో పెట్టుకున్నాడు. బస్సు దుమ్ములో కలిసిపోయింది. ఇప్పుడు ఊళ్ళో కనబడితే తల్లి తోలు వలుస్తుందని చినబాబుకి తెలుసు. మధ్యాహ్నం బస్సుదాకా ఎవరి కంటా పడకుండా సరుగుడు తోటలోకి పోయి, పని పూర్తి చేసిన మనిషి నిద్రపోయినట్టు హాయిగా నిద్రపోయాడు.

శ్రీకాకుళంలో అప్పలనరసింహం అప్పుడే కొట్టు తీసి, గజంబద్ద చేతిలోకి తీసుకున్నాడు. కండక్టరు గుమ్మంలో నిలబడి, టోపీ తీసి మరీ చెప్పాడు.

"దేముడమ్మ పోనాదంట. మొత్తం కప్పీసేటంత గుడ్డ అట్టుకుని బేగి రమ్మన్నారు."

గజంబద్ద కింద పడింది. ఆడమనిషి పోతే ఒంటి మీద మొదట కప్పవలసింది పుట్టింటి గుడ్డే. అది వచ్చేదాకా శవాన్ని లేవనెత్తరు. ఎన్నేళ్ళు మాటల్లేకపోయినా ఆ గుడ్డకోసం కబురొచ్చిందంటే అక్కడ అప్పగారు తన కోసమే పడుకుని ఉందనుకున్నాడాయన. బేళ్ళ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గడేసుకునే అప్ప లేదన్న నోటిని తనే కొట్టుకున్నాడు. ఆ తరువాత లేచి, కొట్లో ఉన్నవాటిల్లో అన్నిటికన్నా వెడల్పైనదీ, మందమైనదీ, మంచిదీ ఒక తాను తీసి చంకన పెట్టుకున్నాడు. సంగతి తెలిసి చుట్టాలందరూ కొట్టుకే వచ్చారు. ఎవరి గుడ్డ వాళ్ళు కప్పాలి కదా. ఆయన ఏడుస్తూనే కొలిచాడు, ఏడుస్తూనే చింపాడు. ఆ పూట కొట్లో తెల్లగుడ్డ మిగల్లేదు.

తిరుగు బస్సులో కండక్టరు ఊరుకున్నాడా అంటే, లేదు. ఆగిన ప్రతిచోటా దిగి, దేముడమ్మ పోనాదని తన బాధ్యతగా చెప్పాడు. దేముడమ్మని ఎరగని ఊరు ఆ దారిలో లేదు. ఆవిడ చేత తిట్లు తినని మనిషీ లేడు. ఒక్కొక్క చోట నలుగురేసి ఎక్కారు, ప్రతివాళ్ళ చేతిలోనూ కొత్త గుడ్డే. మొగలిపేటలో దిగేసరికి అదొక ఊరేగింపులా ఉంది.

ఇల్లు చూస్తే తాళం వేసి ఉంది. ఏళ్ళ తరబడి గడప తొక్కని తమ్ముడు గుమ్మం ముందు మట్టిలో పడి ఏడుస్తూంటే ఊరు ఊరంతా కదిలొచ్చింది. పొద్దున్నే తనని చెడామడా తిట్టిందని ఒకామె చెప్పుకుని ఏడ్చింది. ఇంకెవరు తిడతారు తనని అంత బాగా అని కూడా అంది. మనిషి ఏదని ఎవరో అడిగితే, ఊరి పురోహితుడు కూర్మనాథం పంతులు ఆలోచించి, తాళం వేసుందంటే రేవులోనే పోయి ఉంటుంది, తెస్తూ ఉండి ఉంటారన్నాడు. ఆయన చెప్పాక ఇంక ఎవరికీ అనుమానం రాలేదు. తెచ్చేదాకా ఏడుస్తూ కూర్చున్నారు.

దేముడమ్మ అవతలొడ్డు మీంచి బస్సు దుమ్ము చూసింది. బల్లకట్టు ఇవతలికి పెట్టించి, ఎర్రన్నని కట్టెయ్యమని చెప్పి, గుడ్డ ఎలాంటిది తెచ్చాడో అని ఆత్రంగా ఇంటిదారి పట్టింది. తాటితోపు దాటేసరికి ఏడుపులు వినిపించాయి. తన వాకిట్లోనే జనం. ఆడవాళ్ళు కొంగులు మొహాల మీద కప్పుకుని ఊగుతున్నారు. చివరన గొంతుకూర్చున్న ముసలాయన్ని ఎవరు పోయారని అడిగింది.

"దేముడమ్మ పోనాది" అన్నాడాయన తల తిప్పకుండా.

దేముడమ్మ గుండె జారిపోయింది. ఏ దేముడమ్మ అని అందరికన్నా తక్కువగా అడిగే మనిషి ఆవిడే. ఆవిడకి తనెప్పుడూ 'నాను'. దేముడమ్మ అంటే బల్లకట్టే. ఎర్రన్న కట్టు సరిగ్గా కట్టలేదు, ఆటుపోటుకి తాడు జారింది, ఈపాటికి ఏటి మొగ దాటి సముద్రంలో ఉంటుంది. ఆవిడకి అంతా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. మొగుడు పోయిననాడు ఏడ్చిందో లేదో గానీ, ఇప్పుడు మాత్రం అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది. నన్నొగ్గీసి ఎలిపోనావా దేముడమ్మా, నానింక ఎలగ బతికేదని ఆవిడ ఎత్తుకున్న రాగానికి మిగతా ఏడుపులన్నీ చిన్నబోయాయి.

ఎక్కువగా ఏడ్చేవాళ్ళ మెడ పట్టుకుని ఏడవడం మర్యాద. అప్పలనరసింహం భార్య తాయారు మర్యాద తెలిసిన మనిషి. కన్నీళ్ళతో కళ్ళు కనిపించక, గొంతు వినిపించిన వైపుకి వచ్చి దేముడమ్మ మెడ వాటేసుకుంది.

"మా వొదినలాటి మనిషి మళ్ళీ పుట్టదమ్మా" అంది తాయారు.

"ఎక్కడ పుడతాది. గట్టి టేకు సెక్క. ఇప్పుడలాటి సెక్క ఎక్కడ దొరుకుతాది."

"నిజమేనమ్మా. ఒళ్ళు అలాగే ఉండీది. ఆకరికి ఏటయినాదో."

"నిరుడేనమ్మా అడుగంతా తారు పూయించినాను. మేకులు కూడా కొత్తవి కొట్టించినాను."

తాయారు ఏడుపు మధ్యలో ఆగింది. తారేమిటి, మేకులేమిటి అని నెమ్మదిగా కొంగు తీసి చూసింది. ఎదురుగా వదినగారు. కన్నీళ్ళతో, ముక్కు చీదుకుంటూ, బాగా బతికి ఉన్న వదినగారు. తాయారు పెట్టిన కేకకి తాటిచెట్ల మీది కాకులు లేచిపోయాయి. ఆవిడ పరుగు ఎక్కడ ఆగిందో ఎవరూ చూడలేదు, అప్పటికి మిగతావాళ్ళూ పరుగులోనే ఉన్నారు.

కదలకుండా నిలబడ్డవాడు అప్పలనరసింహం ఒక్కడే. దేముడమ్మ తమ్ముణ్ణి కిందినుంచి పైకి చూసింది. ఏళ్ళ తరువాత చూడటం. జుట్టు నెరిసింది, కాస్త ఒంగాడు. చంకలో గుడ్డ తాను.

"అప్పా. నువ్వు పోనావని సెప్పినారు" అన్నాడాయన.

"నానా? నానెక్కడికి పోతాను. రేపు రథసప్తమి."

పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చాక నిజం ఒక్కొక్క ముక్కా బయటికొచ్చింది. కండక్టరు కూడా ఉండబట్టలేక బస్సు ఆపుకుని, జనంతోపాటు ఏడవడానికి ఉండిపోయాడు. నోట్లో చుట్టతో ఎవరో పరిగెత్తుకొచ్చి ఏదో టాపని అన్నాడనీ, తన బస్సు టాపనుకున్నాననీ చెప్పాడు. చుట్ట అనేసరికి అందరికీ అర్థమైంది. ఎర్రన్న కూడా అప్పుడే వచ్చి, బల్లకట్టు కట్టేశాననీ, కట్టు బాగానే ఉందనీ చెప్పాడు. దేముడమ్మ కళ్ళు తుడుచుకుని చెవి మీది చుట్ట తీసి వెలిగించుకుంది. ముందు బల్లకట్టు దక్కినందుకు స్థిమితపడి, ఆ తరువాతే కొడుకుని ఏం చెయ్యాలా అని ఆలోచించింది.

అప్పలనరసింహానికి ఒక పక్క ప్రాణం లేచొచ్చింది, ఇంకో పక్క అంతమందిలో మట్టిలో దొర్లినందుకు సిగ్గేసింది. ఆ రెండోదే పైచేయి అయింది. పంచె దులుపుకుని, ఇంక తమకి సెలవని తాను చంకలో సర్దుకుని కదిలాడు. తిరిగొచ్చిన చుట్టాలు కూడా ఎవరి గుడ్డ వాళ్ళు మడిచి పట్టుకున్నారు. అప్పుడు కూర్మనాథం పంతులు దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి తీసుకెళ్తారు ఆ గుడ్డలు? పోయిన మనిషికని తెచ్చిన గుడ్డ మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళకూడదు. వెళ్తే అది ఆ ఇంట్లో ఇంకొకరిని వెతుక్కుంటుంది."

ఆ మాటతో అందరి చేతుల్లోనూ గుడ్డలు బరువెక్కాయి. పట్టుకోవడానికి భయం, కింద పెట్టడానికి భయం. పక్కవాడికి ఇద్దామంటే పక్కవాడి చేతిలో వాడిది ఉంది. దానం చేద్దామన్నాడొకడు, పుచ్చుకునేవాడు ముందుకి రాలేదు. ఏట్లో వదిలేద్దామన్నాడు ఇంకొకడు. తన కొట్లో మేలైన తాను నీళ్ళపాలు కావడం తలుచుకుని అప్పలనరసింహానికి ఆ రోజు రెండోసారి ఏడుపొచ్చింది. గుంపు గుంపంతా గుడ్డలు చేతుల్లో పట్టుకుని, గొప్ప తప్పు చేసినవాళ్ళలా నిలబడిపోయారు.

దేముడమ్మ ఒక దమ్ము పీల్చి ఆ గుడ్డలన్నిటినీ కళ్ళతో కొలిచింది. పొద్దు పడమటికి తిరిగింది. ఓవర్సీరు వచ్చే వేళవుతోంది.

"అన్నీ ఎవలికని తెచ్చినారు?" అని అడిగింది.

"దేముడమ్మకి" అన్నారు నలుగురూ.

"అయితే దేముడమ్మకే కప్పండి" అని ఆవిడ రేవువైపు నడిచింది.

గుంపంతా ఆవిడ వెనకే నడిచింది. శాస్త్రం ఒప్పుతుందా అని ఒకరు గొణిగితే, శాస్త్రంలో బల్లకట్లకి మినహాయింపు ఎక్కడా లేదని కూర్మనాథం పంతులు తేల్చాడు. చేపల పేటకి మనిషిని పంపి వలలల్లే సూదులూ, పురికొసా తెప్పించారు. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళందరూ ఇసకలో బారులు తీరి కూర్చుని కుట్టడం మొదలెట్టారు. ఏడుపుకి సర్దుకున్న గొంతులు కదా, కాసేపటికి పాటలు కూడా ఎత్తుకున్నారు. తాయారు మాత్రం దూరం దూరంగా తిరిగి, దేముడమ్మ కాళ్ళు ముందువైపుకే ఉన్నాయో లేదో బాగా చూసుకుని, ఉన్నాయని నమ్మకం కుదిరాక వచ్చి వదినగారి పక్కన కూర్చుంది. ఎర్రన్న గుంజలు పాతాడు.

అప్పలనరసింహం చాలాసేపు ఒడ్డు మీదే నిలబడ్డాడు. కొట్లో కూర్చుని గుడ్డలు కొలవడమే గానీ బల్లకట్టు ఎక్కిన మనిషి కాదు. చివరికి చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, బురదలో అడుగేసి పైకెక్కాడు. తన తాను తనే విప్పి నడిమధ్యన పరిచాడు.

"గడేసుకునే అప్ప నాకు నేదన్నాను" అన్నాడు తల వంచుకుని.

"ఇప్పుడున్నాదా?"

"ఉన్నాది."

"అయితే ఆ కొస లాగి అట్టుకో" అంది దేముడమ్మ. పొగ అడ్డం పడిందని దగ్గింది.

టాపు పైకి లేచింది. తెల్లగుడ్డలూ, కోరా గుడ్డలూ, మధ్యమధ్యన ఎవరో వియ్యపురాలు తెచ్చిన జరీ అంచు చీరా కలిసి, గాలికి ఉబ్బి నిలబడ్డాయి. దాని కిందికి దేముడమ్మ వెళ్ళి, బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఎగువ నుంచి రేకు టాపు పడవ రావడం కనిపించింది.

జగన్నాధానికి కబురు మధ్యాహ్నమే అందింది. నేను బతికుండగా అన్న మనిషి బతికి లేదు. ఇంక ఆలస్యం దేనికి? ఆయన తిన్నగా సమితి ఆఫీసుకి పోయి, దిక్కులేని రేవుని తన చేతిలో పెట్టమని అడిగి, ఓవర్సీరుని తన పడవలోనే కూర్చోబెట్టుకుని తెచ్చాడు. చూసేవాళ్ళ కోసం తనూ ఒక గుడ్డ చంకన పెట్టుకున్నాడు. ఒడ్డున అంతమంది కనిపించగానే పడవలో లేచి నిలబడి, పద్ధతిగా ఏడుపు మొదలెట్టాడు. దేముడమ్మా, దేముడమ్మా అని గుండె మీద కొట్టుకున్నాడు.

"ఏటి జగన్నాధం, పిలిసినావా?" అంది దేముడమ్మ టాపు కింది నుంచి.

జగన్నాధం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూర్చున్నాడు. ఓవర్సీరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చనిపోయారని విన్నానని నసిగాడు. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది.

"దేముడమ్మ పోనేదు బావూ. టాపు పోనాది. అదీ వొచ్చీసింది, సూసుకో."

ఓవర్సీరు చూసుకున్నాడు. అంత దూరం అనవసరంగా వచ్చిన కోపం కూడా కలుపుకుని మరీ చూశాడు. చుట్టూ తిరిగాడు, గుంజలు ఊపాడు, కుట్లు లాగాడు. చివరికి వెనకమూల దగ్గర ఆగాడు. అక్కడ గుడ్డ చాలలేదు. ఒక మనిషి నిలబడేంత మేర ఆకాశం కనిపిస్తోంది.

"పూర్తి టాపు ఉండాలన్నాను. ఈ మూల ఖాళీ. రూలు రూలే" అన్నాడు.

జగన్నాధం మొహం మళ్ళీ వెలిగింది. తెచ్చిన గుడ్డలన్నీ పైన ఉన్నాయి, పొద్దు కుంకుతోంది. అప్పలనరసింహం భుజం మీది కండువా తియ్యబోయాడు. దేముడమ్మ చేత్తోనే వద్దంది. ఆవిడ కళ్ళు ఇంకెక్కడో ఉన్నాయి.

"జగన్నాధం, సంకలో ఏటది?"

"ఏటీ నేదు" అన్నాడు జగన్నాధం, మోచెయ్యి బిగించి.

"నాకు కప్పడానికి కాదూ?"

కాదంటే, మరి ఎవరికి కప్పడానికి తెచ్చావని అడుగుతారు. అవునంటే ఏమవుతుందో ఆయనకింకా తెలియదు. అందుకని అవునన్నాడు. కూర్మనాథం పంతులు గొంతు సవరించుకుని, ఆ గుడ్డ మళ్ళీ ఇంటికి వెళ్తే ఏం చేస్తుందో, ఎవరిని వెతుక్కుంటుందో, మెల్లగా, వివరంగా, చేతులు తిప్పుతూ చెప్పాడు. జగన్నాధం తన ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. చివర్న తనని కూడా తలుచుకున్నాడు. తరువాత చంకలోంచి గుడ్డ తీసి, కొసలతో పట్టుకుని, బల్లకట్టు మీదికి అందించాడు. మాటకేం, మంచి గుడ్డే. ఆవిడ పోయిందన్న సంతోషంలో ఆయన ఖర్చుకి వెనకాడలేదు. తాయారు దాన్ని మూలకి పట్టి పెద్ద పెద్ద కుట్లు వేసింది. ఆకాశం మూసుకుపోయింది. ఓవర్సీరు పైకి చూసి, ఇంక చూడడానికేమీ లేక, రేపు జనాన్ని జాగ్రత్తగా దాటించమని చెప్పి, నోరు మూసుకుని రేకు టాపు పడవెక్కాడు.

అది కనుమరుగు కాకముందే తాటితోపు వైపు నుంచి పెద్ద ఏడుపు వినిపించింది. చినబాబు. సరుగుడు తోటలో నిద్రలేచి ఇంటికి వస్తూంటే, తొలి పరుగులోనే ఊరు దాటిపోయిన పెద్దమనిషి ఎవరో ఎదురై, మీ అమ్మ పోయిందని చెప్పాడట. తలపాగా విప్పి రెండు చేతులా పట్టుకుని, అమ్మా అమ్మా అని రేవులోకి పరిగెత్తుకొచ్చి, టాపు కింద కూర్చున్న తల్లిని చూసి కొయ్యబారిపోయాడు.

దేముడమ్మ కొడుకునీ, వాడి చేతుల్లోని గుడ్డనీ తీరిగ్గా చూసింది.

"దాసుకో నాయినా. మళ్ళీ టాపు పోతే పనికొస్తాది."